ఫోనుకు దలాన్ ఉండదు

ఆ రోజు పనులు తెమిలేసరికి ఇషా బాగా ఆలస్యమైంది. నమాజు ముగించి జానిమాజ్ మడత పెడుతుంటే, గోడవార ఛార్జింగ్‌కి పెట్టిన ఫోను వెలిగింది. అది నా పాత ఫోనే. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులకని గుడియా చేతికిచ్చాను, ఇక నా చేతికి తిరిగి రాలేదు. టైము చూస్తే పదకొండు దాటి పది నిమిషాలు.

తెర మీద ఒకటే ముక్క. ‘పడుకున్నావా చాంప్?’

పంపింది వాళ్ళ బాక్సింగ్ అసిస్టెంట్ కోచ్.

తప్పు మాట ఏముంది అందులో? ఏమీ లేదు. గ్రౌండ్‌లో పిల్లలందర్నీ అతను చాంప్ అనే పిలుస్తాడు. అయినా నా అరచేతులు చల్లబడ్డాయి. మా గుడియాకు పద్నాలుగేళ్ళు. అతనికి పాతికేళ్ళ పైమాటే. రాత్రి పదకొండింటికి ఆ పిల్ల పడుకుందో లేదో అతనికెందుకు?

ఆ రాత్రి గుడియాను లేపలేదు. నేను మాత్రం ఫజర్ దాకా పడుకోలేదు. (ఈ కథంతా గుడియా చదివి, రెండు చోట్ల కొట్టేయించి, ‘సరే అమ్మీ, రాయి’ అన్నాకే ఇక్కడ పెడుతున్నాను. ఊరి పేరు, అకాడమీ పేరు అడక్కండి.)

మా ఇంట్లోకి బాక్సింగ్ అంత సులువుగా రాలేదు. గుడియా మొదటిసారి గ్లౌజులు అడిగినప్పుడు దాదీ తస్బీ ఆపి మరీ చూసింది. ‘ఆడపిల్ల ముక్కు పగిలితే రిష్తా ఎక్కణ్ణుంచి వస్తుంది?’ అన్నారు ఫుప్పూలు. నిక్కర్లేసుకుని గ్రౌండ్‌లో దూకుతుందా అన్నారు బిరాదరీలో. అప్పుడే, 2022 మేలో, మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ అయింది. టీవీలో నిఖత్‌నూ, పక్కన మురిసిపోతున్న ఆ తండ్రినీ చూసి మా ఆయన ఏమీ అనలేదు. మర్నాడు ఫజర్ నుంచి వస్తూ వస్తూ అకాడమీ ఫారం తెచ్చారు. అప్పట్నుంచి రోజూ చీకటుండగానే తండ్రీకూతుళ్ళు స్కూటర్ మీద గ్రౌండ్‌కి పోతారు. ఆయన గేటు దగ్గరే కూచుని, ఆమె పరుగు పూర్తయ్యాక ఇంటికి తీసుకొస్తారు. ఒక్కరోజు కూడా పిల్లను ఒంటరిగా పంపింది లేదు.

అంత హిఫాజత్ చేశాం. మరి రాత్రి పదకొండింటికి ఆ మనిషి మా పడకగదిలోకి ఎలా వచ్చాడు? మేం కొనిచ్చిన రీఛార్జ్ మీదే వచ్చాడు.

*

ఆదివారం తలకు నూనె పెడుతూ అడిగాను. పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి అడిగితే కోర్టు విచారణలా ఉంటుంది. వెనక కూచుని జుట్టు చిక్కు తీస్తూ అడిగితే కాస్త నోరు విప్పుతారు.

‘అసిస్టెంట్ సార్ రోజూ మెసేజ్ పెడతారా బేటా?’

జుట్టు నా చేతిలోనే ఉంది కాబట్టి తెలిసింది, మెడ బిగుసుకుపోయింది.

నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా చెప్పింది. మొదట ప్రాక్టీసు టైము గురించి పెట్టేవాడట. తర్వాత తిండి గురించి, బరువు గురించి. తర్వాత, ‘పెద్ద సార్‌కి నువ్వు కనపడవు, నీ పేరు లిస్టులో పెట్టించింది నేనే’ అని. తర్వాత, ‘ఈ చాట్ ఎవరికీ చూపించకు, మిగతా వాళ్ళు జెలసీ పడతారు’ అని. ఆ తర్వాత ఒకరోజు వాట్సాప్‌లో మెసేజ్‌లు 24 గంటల్లో వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ అతనే పెట్టాడు. ఒక రాత్రి ఈమె జవాబివ్వకుండా నిద్రపోతే, మర్నాడు పొద్దున అందరికీ ప్యాడ్లు పట్టి, ఈమె వంతు వచ్చేసరికి వాచీ చూసుకుని వెళ్ళిపోయాడట.

‘మరి నాకెందుకు చెప్పలేదమ్మా?’

చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి అంది. ‘చెప్తే అబ్బా బాక్సింగ్ బంద్ చేయిస్తారు కదా అమ్మీ.’

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

ఎందుకంటే అది అక్షరాలా నిజం. ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. ‘బస్. రేపట్నుంచి పంపేది లేదు.’ ఆయన చెడ్డ తండ్రి కాదు. చీకట్లో స్కూటర్ తోలే తండ్రి. కానీ భయమేసినప్పుడు మన ఇళ్ళలో ముందు మూతపడేది ఆడపిల్ల తలుపే.

‘గల్తీ ఎవరిది? సజా ఎవరికి?’ అన్నాను. ‘రేపు ఇంతకన్నా పెద్దది ఏదైనా జరిగితే ఆమె మనకు చెబుతుందా?’

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కూతుర్ని పిలిచి పక్కన కూచోబెట్టుకున్నారు. ‘ఏం జరిగినా, ఎవరేమన్నా, నువ్వు వచ్చి చెప్తే నీ ఆట పోదు. ఇది నా జుబాన్’ అన్నారు. గుడియా అప్పుడు ఏడ్చింది. అంతకు ముందు ఏడవలేదు.

చదివే అమ్మీ అబ్బాలకు నేను చెప్పదలుచుకున్న పెద్ద మాట ఇదే. మిగతా రూల్సన్నీ దీని తర్వాతే. పిల్లకు కీడు తలపెట్టే మనిషికి మనింటి సంగతి మనకన్నా బాగా తెలుసు. ‘చెప్తే నీ ఆటే పోతుంది’ అని అతను నోటితో అనక్కర్లేదు. ఆ మాట మన దలాన్‌లో మనమే వందసార్లు అని ఉంటాం.

*

దలాన్ అంటే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా నానీ ఇంట్లో నాకూ, మా ఖాలా కూతురు ఆపాకూ అరబ్బీ చదువు చెప్పడానికి హజ్రత్ వచ్చేవారు. తెల్లగడ్డం, మెత్తటి గొంతు, ఊరంతా ఇజ్జత్ ఇచ్చే మనిషి. చదువు ఎప్పుడూ దలాన్‌లోనే. వాకిలి పరదా పైకెత్తి మేకుకు తగిలించేవారు. నానీ కాస్త ఎడంగా చాట ముందేసుకుని, చింతపండులో గింజలు తీస్తూ కూచునేది. ఏదో పని మీద నానీ లోపలికి పోతే హజ్రత్ పాఠం ఆపేసి, ఆమె వచ్చేదాకా కిటికీ వైపు చూస్తూ ఉండేవారు. నానీకి ఆయన మీద షక్ ఉందని ఎవరూ అనుకోలేదు, ఆయనా అనుకోలేదు. అది అదబ్. అంతే.

ఆ ఆపా ఇప్పుడు అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉంటుంది. ఆమె కొడుకు స్విమ్మింగ్ క్లబ్‌లో ఈదుతాడు. మనసు ఆగక ఫోన్ చేశాను. అంతా విని, ‘మా వాడి కోచ్ ఏ మెసేజ్ పెట్టినా అందులో నేనూ ఉంటాను తెలుసా?’ అంది.

‘నువ్వు అడిగావా?’

‘అడగక్కర్లేదు, రూలే అది.’

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లకు గానీ పిల్లాడికి గానీ కోచ్ విడిగా మెసేజ్ పెట్టకూడదట. పెడితే అమ్మనో నాన్ననో అందులో కలపాలి. టీమ్ మొత్తానికి పెట్టినా ఇంకో పెద్ద మనిషి ఆ గ్రూపులో ఉండాలి. పిల్లాడే ముందు కోచ్‌కి విడిగా మెసేజ్ పెట్టాడనుకోండి, కోచ్ జవాబిచ్చేటప్పుడు పెద్దవాళ్ళను చేర్చి ఇవ్వాలి. మాటలు ఆట గురించే ఉండాలి. వాళ్ళ క్లబ్‌లో పొద్దున 8 నుంచి రాత్రి 8 లోపే పంపాలట, అత్యవసరం అయితే తప్ప. ‘మా పిల్లాడికి అసలు మెసేజ్‌లే వద్దు’ అని తల్లిదండ్రులు రాసిస్తే ఆ మాటా వినాల్సిందే.

అక్కడివాళ్ళకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ లారీ నాసర్ ఏళ్ళ తరబడి వైద్యం పేరుతో ఆడపిల్లల మీద జుల్మ్ చేశాడు. 2018 జనవరిలో కోర్టులో 150 మందికి పైగా అమ్మాయిలు, ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తమకు జరిగింది చెప్పారు. వాళ్ళలో ఒలింపిక్ పతకాలు గెలిచినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మరుసటి నెలలోనే ఆటల్లో పిల్లల రక్షణ కోసం అక్కడ చట్టం వచ్చింది. అంతకు ముందు ఏడాది మొదలైన ‘యూఎస్ సెంటర్ ఫర్ సేఫ్‌స్పోర్ట్’ అనే సంస్థకు ఆ చట్టంతో బలం చేకూరింది. మెసేజ్‌ల రూలు ఆ సంస్థ పెట్టిన నియమాల్లో ఒకటి. ఆ నియమాలన్నిటి కింద ఉన్న మాట ఒక్కటే. పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసేది ఎక్కడైనా సరే, మూడో మనిషి చూడగలిగేలా ఉండాలి.

‘మన నానీ చాట ముందేసుకుని కూచున్నట్టే కదే!’ అంది ఆపా నవ్వుతూ.

నవ్వాను గానీ నా గొంతు పట్టేసింది. నానీ తీరును అమెరికా చట్టంగా రాసుకుంది. ఆ నానీ మనవరాలినైన నేను మాత్రం పిల్ల చేతికి ఫోను ఇచ్చేటప్పుడు దలాన్ సంగతే మర్చిపోయాను.

*

మర్నాడే గ్రౌండ్‌కి పోయి అరవాలనిపించింది. ఆగాను. అతని నీయత్ ఏమిటో నాకు తెలియదు. నిజంగా పిల్ల ఎదగాలని ఆరాటపడే కుర్రాడే కావచ్చు, హద్దు తెలియనివాడు కావచ్చు. తెలియకుండా మాట వేస్తే బొహ్తాన్ అవుతుంది. అలాగని ఊరుకుంటే పిల్ల ఏమవుతుంది? ఈ రెండిటి మధ్య నలిగే తల్లులు నాలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. చివరికి చాలామంది ఊరుకుంటారు.

ఆపా చెప్పిన రూలులో నాకు దారి దొరికింది. తలుపు తీసి ఉంచాలని అడగడానికి ఎవరి నీయత్తూ తేల్చక్కర్లేదు.

బాక్సింగ్‌కి వచ్చే ఇంకో ముగ్గురు పిల్లల తల్లిదండ్రులను కలుపుకుని పెద్ద కోచ్ దగ్గరకు పోయాం. వాళ్ళలో ఒకరు అబ్బాయి తండ్రి. పిల్లలంతా ఉస్తాద్ అని పిలిచే ముసలాయన. ఎప్పుడో పగిలిన ముక్కు, చేతిలో ఎప్పుడూ విజిల్. మూడు మాటలు అడిగాం. ప్రాక్టీసు సంగతులన్నీ ఒక్క గ్రూపులోనే రావాలి, అందులో ప్రతి పిల్ల ఇంటినుంచి ఒక పెద్ద ఉండాలి. విడిగా ఏదన్నా చెప్పాల్సి వస్తే తల్లికో తండ్రికో ఫోన్ చేయాలి. రాత్రి ఎనిమిది దాటాక ఏమీ వద్దు. గుడియా చాట్ సంగతి మాత్రం నేను ఆయనకు విడిగా, మా ఆయన పక్కన ఉండగా చూపించాను. చెరిగిపోగా మిగిలిన నాలుగు మెసేజ్‌లు, ఆ సెట్టింగ్ ఎవరు పెట్టారో చూపించే వరస.

ఉస్తాద్ కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

‘ముందే చేయాల్సింది అమ్మా. నా గల్తీ’ అన్నారు. ‘ఇది నాకూ మంచిదే. రేపు ఎవరన్నా నా మీద ఒక మాటంటే నాకు గవాహీ ఎవరు? ఈ గ్రూపే నా గవాహీ.’

అసిస్టెంట్ కోచ్ మాత్రం నొచ్చుకున్నాడు. ‘నా మీద షక్కా మేడమ్?’ అన్నాడు గేటు దగ్గర. మా హజ్రత్ కథ చెప్పాను. విన్నాడు. ఏమీ అనలేదు. ఉస్తాద్ అతన్ని ఆడపిల్లల బ్యాచ్ నుంచి మార్చారు. కొన్ని వారాలకు అతనే మానేసి వెళ్ళిపోయాడు. ఎందుకో నాకు తెలియదు, ఊహించి రాయను కూడా. ఒకటి మాత్రం గమనించాను. అదే రూలు ఉస్తాద్‌కు ఊరట అయింది, ఇతనికి బరువైంది.

*

తర్వాత దీని గురించి చదివి, తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్నవి కొన్ని చెబుతాను. పిల్లలున్న ఇంట్లో తెలిసి ఉండటం మంచిది.

ఇలాంటివి మెట్లు మెట్లుగా వస్తాయి. మొదటి మెట్టు మెచ్చుకోలు, నువ్వు అందరిలాంటి దానివి కాదని. రెండోది రహస్యం, ఎవరికీ చూపించకని. మూడోది మీ ఇంట్లోవాళ్ళకు నీ ఆట అర్థం కాదని విడదీయడం. తర్వాత కానుకలు, రీఛార్జ్‌లు. తర్వాత బరువు చూద్దామనో, ఫిట్‌నెస్ చూద్దామనో ఫోటో అడగడం. ఆటల్లో ఒంటి గురించి మాట్లాడటం మామూలే కాబట్టి ఆ అడుగు పిల్లకు తప్పుగా కనపడదు. ఒక్క ఫోటో వెళ్ళిందంటే ఇక బెదిరింపే. మేం రెండో మెట్టు దగ్గర ఆగాం, అల్‌హందులిల్లాహ్. అన్ని ఇళ్ళలో అలా జరగదు.

ఇది ఆడపిల్లల సంగతే అనుకోకండి. మన అబ్బాయిలు క్రికెట్‌కి, ఫుట్‌బాల్‌కి పోతారు. మగపిల్లాడికేం భయం అని వదిలేస్తాం. వాడికి చెప్పుకోవడానికి ఇంకా సిగ్గు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ఆడపిల్లా మగపిల్లాడా అని చూడదు, పద్దెనిమిదేళ్ళ లోపు అందరూ దానికి పిల్లలే. చెడు ఉద్దేశంతో పిల్లల్ని మాటిమాటికీ వెంటాడినా, ఫోనులో గానీ నెట్‌లో గానీ పదేపదే పలకరించినా అది ఆ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. అలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం ఉన్నా పోలీసులకు చెప్పడం మన మీద ఉన్న ఫర్జ్, 19వ సెక్షన్ ప్రకారం. మంచి నీయత్‌తో చెప్పినవాళ్ళ మీద కేసు పడదని కూడా అందులోనే ఉంది.

హద్దు దాటిన మెసేజ్ గానీ ఫోటో గానీ కంటపడితే కోపంలో డిలీట్ చేయకండి. సుబూత్ అదే. బొమ్మల జోలికి పోకుండా మాటలకూ, నంబరుకూ, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. పిల్లల చెడ్డ ఫోటో ఏదన్నా ఉంటే దాన్ని ఎవరికీ, చుట్టాలకు కూడా, ఫార్వర్డ్ చేయకండి, అదే ఇంకో నేరం అవుతుంది. ఫోను అలాగే తీసుకుపోయి పోలీసులకు చూపించండి. ఆ మనిషికి ఫోన్ చేసి తిట్టకండి, అతను అన్నీ చెరిపేస్తాడు. పిల్లలకోసం 1098 నంబరు ఉంది, పిల్లలే చేయొచ్చు. ప్రమాదం ముంచుకొస్తే 112. ఆన్‌లైన్ ఫిర్యాదుకు కేంద్ర ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్ ఉంది. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి.

చుట్టాల్లో, మస్జిద్ గేటు దగ్గర, దావత్‌లో మాత్రం పిల్ల పేరు తియ్యకండి. బద్నామీకి భయపడి నోరు మూసుకోమనడం లేదు. చెప్పాల్సిన చోట చెప్పండి, గీబత్ చేసే చోట వద్దు. పెద్ద పెద్ద వాళ్ళకే నోరు విప్పడం ఎంత కష్టమో 2023లో చూశాం. ఒలింపిక్ పతకాలు తెచ్చిన సాక్షి మలిక్, బజరంగ్ పునియా లాంటివాళ్ళు ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూచోవాల్సి వచ్చింది. ఆ కేసు సంగతి కోర్టులు చూసుకుంటాయి. నాకు గుర్తుండిపోయింది ఒకటే. దేశానికి పతకం తెచ్చినవాళ్ళ పరిస్థితే అదైతే, ఇంకా జిల్లా పోటీలకు కూడా పోని పద్నాలుగేళ్ళ పిల్ల ఒక్కతే ఎవరికి చెప్పుకుంటుంది?

*

కథంతా విన్నాక దాదీ, అదే, ముక్కు పగిలితే రిష్తా రాదని భయపడిన దాదీ, తస్బీ పక్కన పెట్టి గ్రూపు ఎలా చూడాలో నేర్పమంది. ఆమెకు తెలుగు చదవడం రాదు. అయినా గ్రూపులో చేర్చాం. ఏదన్నా మోగితే ‘ఏం వచ్చిందే?’ అని కేకేస్తుంది, గుడియా చదివి వినిపిస్తుంది.

నిన్న మగ్రిబ్ తర్వాత ఉస్తాద్ మెసేజ్ వచ్చింది. ‘రేపు స్పారింగ్. మౌత్‌గార్డ్ మర్చిపోయినవాళ్ళు రింగ్ బయటే.’ గుడియా గట్టిగా చదివింది.

‘మౌత్‌గార్డ్ అంటే?’ అంది దాదీ.

‘పళ్ళు రాలకుండా పెట్టుకునేది దాదీ.’

‘అల్లా!’ అంది దాదీ. కాసేపాగి, ‘అయితే మర్చిపోకు మరి’ అంది.